వేలెడు ఖాళీ

పంతొమ్మిదో భాగం

గోపెంగ్ మలుపు దగ్గర వెనుక ఎడమ టైరు పేలి ఫక్రుల్ అనే ఇరవై ఆరేళ్ళ కుర్రవాడు చనిపోయి పద్నాలుగు నెలలైంది. అంతకు నాలుగు నెలల ముందు ఆ కారుకు పెద్ద చక్రాలు ఎంచి బిగించినవాడు లావ్ వెంగ్. ఇపో పట్టణం శివార్లలో, సున్నపురాతి కొండ నీడ పడే వీధిలో, తమ్ముడు ఫూక్‌తో కలిసి టైర్ల దుకాణం నడుపుతున్నాడు. ప్రమాదం గురించి అతన్ని ఎవరూ అడగలేదు. అతడూ ఎవరికీ చెప్పలేదు. పోయిన వారం మనం ఆగిన చోట, ఒక మంగళవారం మధ్యాహ్నం, చచ్చి బతికిన ఆ నీలం కారే మళ్ళీ అతని వాకిట్లోకి వచ్చి నిలిచింది. అందులోంచి ఒక యువతి, నల్లటి టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన దిగారు. "దీనికి పెద్ద చక్రాలు కావాలి అంకుల్. ఏవి బాగుంటాయో మీరే చెప్పాలి" అంది ఆమె. వెంగ్ కారును గుర్తుపట్టాడు. మీరెవరని మాత్రం అడగలేకపోయాడు.

*

మనిషి తన తప్పును ఎంతకాలమైనా మోయగలడు, దాని పేరు ఎవరూ పలకనంతవరకు. వెంగ్‌కు ఈ సంగతి పద్నాలుగు నెలలుగా తెలుసు. చక్రాలు చూపించమని అడిగిన ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు. నొప్పితో ఉన్నవాళ్ళ నోరు తెరిపించడం అలవాటైన గొంతు అది. తాను బాతూ గాజాలో పళ్ళ ఆసుపత్రి నర్సునని, పేరు ముర్నీ అని, పక్కనున్నది తండ్రి జుహారీ అని ఆమె తనంతట తానే చెప్పింది. ముసలాయన నవ్వలేదు. వాకిట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఒక బిస్కెట్ల డబ్బా పెట్టుకున్నాడు. దాని మూత మీద రెండు చేతులూ ఉన్నాయి.

దుకాణం వెనుక, తెర అవతల, లోహం చెక్కే లేత్ మిషను తిరుగుతోంది. ఫూక్ పొద్దుటి నుంచి దాని దగ్గరే ఉన్నాడు.

"ఇప్పుడున్నవి ఎంత సైజు?" అని అడిగింది ముర్నీ.

"పదహారు అంగుళాలు. ఇనప రిమ్ములు. బాడీ షెడ్డువాళ్ళు కారు కదలడానికి వేసినవి."

"పెద్దవంటే ఎంతదాకా వెళ్ళొచ్చు?"

"పదిహేడు వేసుకో అమ్మా, హాయిగా ఉంటుంది. పద్దెనిమిది వేస్తే అందం. పందొమ్మిది కావాలంటే వీధి చివర వేరే దుకాణం ఉంది, అక్కడ వేస్తారు."

"మీరెందుకు వెయ్యరు?"

వెంగ్ నేల మీద చతికిలబడి, సుద్దముక్కతో సిమెంటు మీద ఒక గుండ్రం గీశాడు. దాని లోపల ఇంకొకటి గీశాడు. ఎన్ని వందల మందికి గీశాడో. బయటి గుండ్రం టైరు, లోపలిది రిమ్ము. బయటిది పెరగకూడదు, పెరిగితే వేగం మీటరు అబద్ధం చెబుతుంది, చక్రం ఎక్కడో ఒకచోట రేకుకు తగులుతుంది. కాబట్టి లోపలిది పెంచిన ప్రతిసారీ మధ్యనున్న రబ్బరే తరగాలి.

"రబ్బరు తరిగితే?"

"గుంట వస్తే ముందు ఒంటికి తెలుస్తుంది, తరవాత రిమ్ముకి తెలుస్తుంది. పద్దెనిమిదిలో రబ్బరు ఇంత ఉంటుంది." నాలుగు వేళ్ళు అడ్డంగా చూపించాడు. "పందొమ్మిదిలో దోసెకి అంచున్నట్టు ఉంటుంది."

పోలిక నోట్లోంచి వచ్చాక, ఇదే మాట ఇక్కడే కూర్చుని ఇంకొకరికి చెప్పానని గుర్తొచ్చింది. ఆ కుర్రవాడు నవ్వాడు. గురువును పిలిచినట్టు, "సిఫూ, మీకు ఆకలేస్తున్నట్టుంది" అన్నాడు. ఈమె నవ్వలేదు. ఈమె ముక్కు అతని ముక్కే.

"వెడల్పు?"

"రెండొందల పాతిక మిల్లీమీటర్లు. అంతకన్నా వెడల్పు ఈ మడ్‌గార్డు కింద పట్టదు."

"పడుతుందో లేదో ఎలా చూస్తారు?"

అతడు కారు వెనుక చక్రం దగ్గరికి జరిగాడు. టైరు భుజానికీ దాని మీద వంగిన రేకు అంచుకూ మధ్య చూపుడువేలు దూర్చాడు. ఇనప చక్రం చిన్నది కాబట్టి వేలు తేలిగ్గా దూరిపోయింది.

"వేలెడు ఖాళీ ఉండాలి. మా నాన్న నేర్పిన కొలత."

"ఎవరి వేలు?"

"బిగించినవాడి వేలు."

ఈ వేలి గురించి అతడు చాలాసార్లు ఆలోచించాడు. చక్రం ఎంతటి అందమైనదైనా దాని చుట్టూ ఏమీ లేని చోటు కాస్త ఉండాలి. ఆ చోటు ఎవరికీ కనిపించదు, దానికి ఎవరూ మురిసిపోరు. దాన్ని కాపాడటమే టైర్లవాడి పని. కుర్రవాళ్ళు వచ్చి ఆ ఖాళీనే తీసెయ్యమంటారు. చక్రం రేకు అంచుతో సమంగా బయటికి వచ్చి నిలబడాలంటారు. ఫక్రుల్ కూడా అదే అడిగాడు. "చక్రం లోపలికి పోయి సిగ్గుపడుతోంది సిఫూ" అన్నాడు. సిగ్గున్న చక్రమే ఇల్లు చేరుతుందని వెంగ్ బదులిచ్చాడు. ఆ జవాబు చెప్పినందుకు ఆరోజు తన మీద తనకు ముచ్చటేసింది.

ముర్నీ వంగి, అతడు వేలు పెట్టిన చోటే తన వేలు పెట్టి చూసింది.

"ఖాళీ కారుకి వేలు పడుతుంది. మనుషులెక్కాక కారు కిందికి దిగుతుంది కదా అంకుల్?"

వెంగ్ తలెత్తలేదు.

"దిగుతుంది. అందుకే నింపి చూస్తాం."

"నింపడమంటే?"

అది వాళ్ళ దుకాణపు ఆచారం. లారీ టైర్ల కాలంలో తండ్రి పెట్టింది. పెద్ద చక్రాలు వేసిన ఏ కారునైనా అప్పగించే ముందు, చేతికి దొరికిన మనుషులందరినీ అందులో ఎక్కించాలి. పక్క కాఫీ కొట్టు మోయ్, ఎదురు షాపు పెయింటరు, ఎవరుంటే వాళ్ళు. రేకు లోపలి అంచుకు సుద్ద పూసి, వీధి చివర కల్వర్టు మీది ఎత్తును మూడుసార్లు దాటించాలి. తిరిగొచ్చాక టైరు మీద సుద్ద గీత పడితే ఆ చక్రం ఆ కారుకు కాదు. ఎంత బతిమాలినా ఊడదీసేస్తారు. వీధిలో దీని మీద జోకులున్నాయి. లావ్ అన్నదమ్ముల దగ్గర చక్రాలు కొంటే పెళ్ళివారు కూడా ఉచితమని.

ఇదంతా చెప్పి వెంగ్ చేతులకంటిన సుద్ద దులుపుకున్నాడు.

"నా తమ్ముడి కారు నింపారా?" అని అడిగింది ముర్నీ.

అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళి డిక్కీ తెరిచింది. లోపల గళ్ళ లుంగీల్లో చుట్టిన మూడు చక్రాలున్నాయి. ఒకదాని గుడ్డ తొలగించింది. పాత కంచు రంగు, సన్నటి పది ఊచలు. దాన్ని వెనక్కి తిప్పి లోపలి గోడ చూపించింది. అక్కడ పసుపు రంగుతో ఒక తారీఖు, దాని కింద 'లావ్' అని ఉంది. ఆ రాత వెంగ్‌దే.

"చక్రాలు కొనడానికి రాలేదు అంకుల్. నాన్న ఏడాది పట్టి కారు బాగుచేయించారు. ఎందుకని నేనూ అడిగాను. కారును మీ ముందు పెట్టి అడగడానికట. తమ్ముడికి మీరు చక్రాలు ఎలా ఎంచారో, ఏమని చెప్పారో, అదంతా నా చెవులతో వినాలనుకున్నాను. విన్నాను. మంచి మాటలే చెప్పారు. ఇది ఒక్కటి చెప్పండి."

లేత్ మిషను తిరుగుతూనే ఉంది. కొండ మీద మబ్బు దిగి, వాకిట్లో వెలుతురు బూడిద రంగుకు మారింది.

ఈ క్షణం కోసం వెంగ్ మాటలు కూర్చుకుని ఉంచుకున్నాడు. నిద్ర పట్టనప్పుడల్లా వాటిని దిద్దుకున్నాడు. వాటిలో ఒక్కటీ ఇప్పుడు పనికి రాలేదు.

"నింపలేదు" అన్నాడు.

ముర్నీ కదలలేదు.

"ఆ తారీఖు చూడండి. ఆ మర్నాడే మా వాళ్ళ కొత్త సంవత్సరం. మధ్యాహ్నానికే వీధి అంతా తలుపులేసుకుని ఇళ్ళకి భోజనాలకి పోయారు. నింపడానికి మనుషుల్లేరు. మా తమ్ముడు కూడా ముందే వెళ్ళాడు. సెలవులయ్యాక రమ్మన్నాను. మీ తమ్ముడు, వెనక సీట్లో ఎవరూ కూర్చోరు సిఫూ, అక్కడ స్పీకర్ పెట్టె పెట్టుకుంటా అన్నాడు. నేను... వేలు పెట్టి చూశాను. పట్టింది. ఇచ్చేశాను."

"ఆరోజు కార్లో నలుగురున్నారు" అంది ముర్నీ. "పెళ్ళి భోజనం నుంచి వస్తున్నారు. మిగతా ముగ్గురూ బతికారు."

"తెలుసు."

"టైరు బయటి భుజం చుట్టూరా కోసుకుపోయిందని పోలీసుల కాగితంలో రాశారు. రేకు కోసి ఉంటుందన్నారు."

"తెలుసమ్మా. పేపర్లో చదివాను. చదివిన రోజే రావలసింది. రాలేదు."

ఇంతకాలం తాను భయపడింది ఈ మాటకు కాదని, దీని తరవాత వచ్చే నిశ్శబ్దానికని అతనికి అప్పుడు తెలిసింది. ముర్నీ ఏడవలేదు, తిట్టలేదు. గుడ్డను మళ్ళీ చక్రం చుట్టూ సరిగ్గా కప్పింది, పిల్లవాడికి దుప్పటి సర్దినట్టు. కుర్చీలోంచి ముసలాయన గొంతు వినిపించింది. దుకాణదారుణ్ణి పిలిచే మాటతోనే పిలిచాడు.

"టౌకే, ఆ చక్రాలు బిగించు."

"పాక్‌చిక్..." అన్నాడు వెంగ్, చిన్నాన్నా అన్నట్టు.

"బిగించు. నింపు. ఎక్కడ తగిలిందో నేను చూడాలి."

నాలుగోది ప్రమాదంలోనే పోయిందని ముర్నీ అనబోయింది. వెంగ్ అప్పటికే నిచ్చెన వేసుకుంటున్నాడు. ఆ సెట్టు జపాన్ నుంచి పాత సామాన్లలో వచ్చినప్పుడు ఐదు వచ్చాయి. నాలుగు ఫక్రుల్ తీసుకున్నాడు. ఐదోది అటక మీద ఉండిపోయింది. అడిగినవాళ్ళకు అమ్మలేదు, తూకానికీ వెయ్యలేదు. దుమ్ము దులిపి, అదే కొలత టైరు ఎక్కించి, గాలి కొట్టి కిందికి దొర్లించాడు.

జాకీ ఎత్తి పానా తిప్పుతుంటే చేతులకు వాటి పని తెలుసు. అది చాలా నయం. వెనుక చక్రాలు ఎక్కించేటప్పుడు ఒక చిన్న సంగతి కంటికి తగిలింది. నట్టు బిగిశాక బోల్టు కొన బయటికి వేలి కణుపంత పొడుచుకు వచ్చింది. ముందు చక్రాలకు అలా లేదు. వెనుక బోల్టులు ఉండవలసినదానికన్నా పొడుగ్గా ఉన్నాయి. బాడీ షెడ్డువాళ్ళు ఏదో దొరికింది వేసి ఉంటారనుకుని సాగిపోయాడు.

చక్రాలు నిలబడ్డాక ముర్నీ రెండడుగులు వెనక్కి వేసి కారును చూసింది. చాలాసేపు చూసింది.

"ఇలాగే ఉండేది" అంది. మళ్ళీ కనుబొమలు ముడిచి, "కాదు. ఇంకా బయటికి ఉండేవేమో. వాడు తెగ మురిసిపోయేవాడు" అంది.

వెంగ్ విన్నాడు, పట్టించుకోలేదు. నాలుగు రేకుల లోపలి అంచులకూ సుద్ద పూసి, పక్క కొట్టు వైపు కేకేశాడు.

మోయ్ కొంగు లాంటి తన ముందు గుడ్డకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి, గుమ్మం నిండా వస్తుంది.

"మళ్ళీ నన్ను తూకం రాయి చేశావా వెంగ్? నా బరువు మీద బతుకుతున్నారు అన్నదమ్ములిద్దరూ. ఈసారైనా ముందు సీటియ్యి."

"వెనకాల నువ్వు కూచుంటేనే పరీక్ష, మోయ్ అక్కా."

"నా మొగుడు కూడా ఇంత మర్యాదగా తిట్టలేదు" అంటూ వంగి లోపలికి దూరబోయి, ముర్నీ ముఖం చూసింది. తరవాత ముసలాయన ముఖం చూసింది. ఆమెకేం అర్థమైందో గానీ ఇంకో మాట మాట్లాడకుండా వెనుక ఎడమ వైపు సర్దుకుని కూర్చుంది. ముర్నీ ఆమె పక్కన ఎక్కింది. జుహారీ డబ్బాను వదలకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. వెంగ్ స్టీరింగు పట్టుకున్నాడు. ఆ కుర్రవాడి అరచేతులు అరగదీసిన చోటే తన చేతులు పడ్డాయి.

వీధి చివరిదాకా నెమ్మదిగా నడిపాడు. కల్వర్టు ఎత్తు దగ్గరపడుతుంటే చెవులు రిక్కించాడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. రబ్బరును రేకు గీరే చప్పుడు, గొంతు బొంగురుపోయిన మనిషి దగ్గినట్టు ఉంటుంది. పద్నాలుగు నెలలుగా వినని రోజు లేదు.

కారు ఎక్కింది. దిగింది. వెనుక భాగం బరువుతో కిందికి కుంగి లేచింది.

చప్పుడు లేదు.

వెనక్కి తిప్పుకుని ఇంకాస్త వేగంగా వచ్చాడు. లేదు. మూడోసారి స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు విరిచి, ఎత్తు మీద ఏటవాలుగా, కారంతా ఎడమ చక్రం మీద ఒరిగేలా దాటించాడు. మోయ్ ముందు సీటును పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో దేవుణ్ణి తలచుకుంది.

లేదు.

వాకిట్లోకి వచ్చి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని వెనుక ఎడమ టైరును చుట్టూ తడిమాడు. నల్లగా, శుభ్రంగా ఉంది. పిసరంత సుద్ద అంటలేదు. మనుషులు ఇంకా లోపల ఉండగానే సందులో వేలు పెట్టాడు. వేలు పట్టింది.

ఆరోజు నింపి ఉన్నా తాను ఈ కారును అప్పగించి ఉండేవాడే.

గుండెల్లోంచి ఏదో బరువు జారింది. అది జారిన తీరుకు అతనికి సిగ్గేసింది. ఒక చావు పక్కన కూర్చుని తేలికపడుతున్నాడు. నేరం తనది కాదని తేలితే చచ్చినవాడు లేచి వస్తాడా? అయినా ఊపిరి తనంతట తాను లోపలికి, ఇన్నాళ్ళూ వెళ్ళనంత లోతుకు వెళ్ళింది. దాన్ని ఆపడం అతని చేతిలో లేదు.

మోయ్ దిగి, అతని భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, తన కొట్టుకు వెళ్ళిపోయింది. వాన మొదలైంది. రేకుల కప్పు మీద ముందు చినుకులు ఒక్కొక్కటిగా, తరవాత లెక్కకు అందకుండా పడ్డాయి.

"మరి కోసిందేమిటి?" అంది ముర్నీ. "ఈ చక్రాలే. ఈ రేకే. నలుగురమే. మరి వాడి టైరును ఏది కోసింది?"

జవాబు జుహారీ దగ్గర ఉంది. కాకపోతే అది జవాబని ఆయనకు తెలియదు.

ఆయన కుర్చీలోకి తిరిగి వచ్చి డబ్బా మూత తీశాడు.

"ముప్పై నాలుగేళ్ళు రైల్వేలో సిగ్నళ్ళు చూసుకున్నాను టౌకే. రైలు పోయాక పట్టాల దగ్గర నట్టు దొరికినా ఏరి పెట్టేవాణ్ణి. ఎక్కణ్ణుంచి ఊడిందో తెలిసేదాకా పారెయ్యకూడదు. షెడ్డులో కారు విప్పినప్పుడు పనికిరానివన్నీ పక్కన పెట్టమన్నాను. అన్నిటికీ పేరు తెలిసింది. వీటికి తెలియలేదు."

పగిలిన గాజు ముక్కలు, ఒక తాళంచెవి, విరిగిన అద్దం చట్రం. వాటి కింద నుంచి రెండు అల్యూమినియం బిళ్ళలు తీసి వెంగ్ చేతిలో పెట్టాడు. అరచేయంత గుండ్రం, బొటనవేలంత మందం, మధ్యలో పెద్ద రంధ్రం, చుట్టూ బోల్టులు దూరడానికి ఐదు రంధ్రాలు.

"వెనక చక్రాల వెనకాల ఉన్నాయట. ఇనప చక్రాలు సరిగ్గా కూర్చోకపోతే తీసేశారట. ఏమిటివి?"

ఏమిటో వెంగ్‌కు చూడగానే తెలిసింది. చక్రానికీ ఇరుసుకూ మధ్య పెట్టి, చక్రాన్ని బయటికి తోసే బిళ్ళలు. సిగ్గుపడే చక్రాన్ని అంచుదాకా తెచ్చి నిలబెట్టేవి. బొటనవేలంత మందం బయటికి తోస్తే వేలెడు ఖాళీ ఎక్కడిది? పొడుగు బోల్టులు ఎందుకున్నాయో, "ఇంకా బయటికి ఉండేవేమో" అన్న మాటకు అర్థమేమిటో, అన్నీ ఒకదాని వెనుక ఒకటి వచ్చి కూర్చున్నాయి. తాను కాదన్న పనిని ఫక్రుల్ తరవాత ఇంకొకరి చేత చేయించుకున్నాడు.

"చక్రాన్ని బయటికి జరపడానికి పెడతారు" అన్నాడు. "ఇవి నేను పెట్టలేదు. మీరు నమ్మండి."

"నమ్ముతాను" అంది ముర్నీ. "కాదనడానికి వీలున్నదాన్ని మీరు ఒప్పుకున్నారు. అందుకని నమ్ముతాను."

ఆ మాట అతనికి మెడలో వేసిన దండలా తగిలింది. బిళ్ళను వెలుతురు వైపు తిప్పాడు. పనితనం బాగుంది. ఏదో సందు షెడ్డులో కోసింది కాదు. రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నాయి. అంచు మీద బొటనవేలు పోనిచ్చాడు, పదునుందేమోనని.

ఒకచోట వేలు ఆగింది.

అంచు మీద పక్కపక్కన మూడు చిన్న నొక్కులు. ఆకురాయితో మూడు గీతలు, మూడోది కాస్త లోతుగా. రెండో బిళ్ళ తీసి చూశాడు. దానికీ ఉన్నాయి. లేత్ మీంచి దింపిన ప్రతి వస్తువుకూ, పట్టుకున్నవాడి వేలు తెగకుండా, అలా మూడుసార్లు రాసే మనిషిని అతడు ఒక్కణ్ణే ఎరుగును. పన్నెండేళ్ళ వయసులో తండ్రి పక్కన నిలబడి ఆ అలవాటు నేర్చుకున్న మనిషి. ప్రమాదం వార్త పేపర్లో వచ్చిన వారం నుంచి అన్నతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేసి, తెర వెనుకే తింటున్న మనిషి. తన మౌనం చూసి తమ్ముడు కూడా మూగవాడయ్యాడని వెంగ్ ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఒకే ఇంట్లో ఇద్దరు ఒకే చావును వేరువేరుగా మోస్తున్నారని అతనికి తట్టలేదు.

తన తప్పును ఒప్పుకోవడానికి అతనికి పద్నాలుగు నెలలు పట్టింది. ఇప్పుడు చేతిలో ఉన్నది తనది కాదు.

"అంకుల్" అంది ముర్నీ. అతని వేలు ఎక్కడ ఆగిందో ఆమె చూస్తూనే ఉంది. "ఇవి ఎవరు చేశారో మీకు తెలుసు. కదూ?"

వెంగ్ నోరు తెరిచాడు.

దుకాణం వెనుక, పొద్దుటి నుంచి ఆగకుండా తిరుగుతున్న లేత్ మిషను, ఆగిపోయింది.